పావురాల సాక్షి

"నీ పొయ్యి ముందర కూచోని చెప్పిన మాట, ఈడ అందరి ముందర చెప్పు మ్మేయ్. మేం గూడా ఇంటాం."

మేస్త్రీ బొజ్జన్న ఈ మాట అన్నప్పుడు మేమంతా ఓబుళరెడ్డి పాలిష్ ఫ్యాక్టరీ గేటు ముందే ఉన్నాం. పొద్దున షిఫ్టుకు వచ్చినవాళ్లం. జులేఖా బీ ఒక్కదాన్నే ఆపేసి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. జులేఖా కుడిచేతికి వేళ్లు లేవు. ఇదే ఫ్యాక్టరీ కటింగ్ మిషను ఆ వేళ్లు తినేసింది. ఆ మొండిచేత్తోనే సద్దిగిన్నెను కడుపుకు అదుముకుని, "ఏం మాట బొజ్జన్నా?" అంది.

"ఏం మాటనా? మర్సిపోయినావా? 'లేవిని సంపింది రాయి గాదు, పగులుబారిన బండ కింద వాన్ని నిలబెట్టినోడే సంపినాడు' అన్యావంట. శానా పెద్ద మాటలు నేర్సినావే! పో, ఇంగ ఆ పొయ్యి ముందరే కూచోని చెప్పుకో. ఈడ నీకు పని ల్యా."

గేటు మూసుకుంది. జులేఖా అక్కడే బండల కుప్ప మీద కూర్చుండిపోయింది. నేను దగ్గరికి పోతే నా చెయ్యి పట్టుకుని, "శివకుమారీ, ఆ మాట నేను అన్యానే. నా ఇంట్లోనే అన్యా. అక్షరం పొల్లు పోకుండా వీనికి యట్లా తెలిసె?" అంది.

నా పేరు శివకుమారి. ఆ ఫ్యాక్టరీలో బండలు మోసేదాన్ని, బండ కార్మికుల యూనియన్ సెక్రటరీని. ఈరోజు ఓబుళరెడ్డి గని ఎందుకు ఆగిందని వేరే కాలేజీల హాస్టల్ విద్యార్థులు మీరు అడుగుతున్నారు, పక్క గనుల కూలీలూ అడుగుతున్నారు. అందుకే మొదటి నుంచీ చెబుతున్నా. మధ్యలో నాకు కోపం వస్తే ఓర్చుకోండి. నా కోపం నా మాటతోనే పుట్టింది, దాన్ని తీసేసి మాట్లాడటం నాకు చేతకాదు.

బేతంచెర్ల పక్కనే మా ఊరు. చుట్టూ నాపరాతి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, లారీలు. చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉంటాయి మా దగ్గర, అంత దుమ్ము. లేవి ఓబుళరెడ్డి గనిలో రాళ్లు తీసేవాడు. పైన బండ పగిలి ఉంది, కింద పని చేయించొద్దని యూనియన్ తరఫున ఎన్నోసార్లు చెప్పాం. వింటేనా! ఒక పొద్దున ఆ బండ విరిగి లేవి మీద పడింది. వాడు అక్కడికక్కడే పోయాడు. గని గుంతలో నీళ్లు పట్టుకోవడానికి పోయిన జులేఖా కళ్లారా చూసింది. ఆమె అరిచేలోపే శవాన్ని ట్రాక్టర్లో వేసుకుని పోయారు. తీసుకుపోయి రైల్వే గేటు అవతల రోడ్డు పక్కన పడేశారు. చొక్కా మీద, నోట్లో మందు పోశారు. "తాగి రోడ్డు మీద పడ్డాడు, ఏదో లారీ తొక్కింది" అన్నారు. పోలీసులూ అదే రాసుకున్నారు.

లేవి చుక్క ముట్టని మనిషి. చర్చిలో డప్పు కొట్టి పాటలు పాడేవాడు. అట్లాంటివాడి సమాధి దగ్గర పాస్టరు అయ్యగారు ప్రార్థన పొట్టిగా ముగించారు. వెనకాల ఆడవాళ్లు గుసగుసలాడారు. ఆ తర్వాత నుంచి లేవి భార్య విశ్వాసమ్మ చర్చికి వస్తుంది, కానీ గుమ్మం దగ్గరే కూర్చుంటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి రాదు. అడిగితే ఒకటే మాట.

"నా మొగుడు తాగి సావలా. గనిలో రాయి పడి సచ్చినాడు. ఆ ఒక్క మాట ఎవురన్నా ఒకరు రాయాల. అది రాసినంక వస్తా."

మేం అర్జీలు పెట్టాం, ధర్నా చేశాం. ఎవరూ రాయలేదు. అప్పుడు ఊళ్లోకి వచ్చింది స్తుతి.

రాజంపేట పిల్ల. చిన్న రైతు కుటుంబం. యూనివర్సిటీలో సోషియాలజీ డిపార్ట్‌మెంట్‌లో పిహెచ్‌డి చేస్తోంది. బండల కూలీల బతుకు మీద పరిశోధనట. ఏ యూనివర్సిటీ అని మాత్రం నన్ను అడగొద్దు, చెప్పను. విశ్వాసమ్మ ఇంట్లో ముందు గది అద్దెకు తీసుకుని, ఫోన్‌లో మాటలు రికార్డు చేసుకుంటూ ఇల్లిల్లూ తిరిగేది. మంచి పిల్లే. మా పొయ్యిల దగ్గర కూర్చుని ఉల్లిగడ్డలు తరిగేది, మా పిల్లలకు జడలు వేసేది. అయినా నాకు మొదటి రోజు నుంచే అనుమానం. మా ఊరికి పుస్తకం చేతిలో పట్టుకుని వచ్చినవాళ్లు ఎవరూ మాకేమీ ఇచ్చి పోలేదు, తీసుకునే పోయారు. "ఏమ్మా, ఇదంతా రాసి ఎవరికిస్తావు?" అని నేను అడిగితే, "మా గైడు సారుకక్కా. పేర్లన్నీ మార్చేస్తా. మీకేం కాదు" అంది. లేవి ఎట్లా చనిపోయాడో ఒక అధ్యాయమే రాస్తానంది. ఆ మాటకు విశ్వాసమ్మ ఆ పిల్లను సొంత కూతురిలా చూసుకుంది.

ఇప్పుడు జులేఖా పని పోయింది. ఆ మాట అన్నప్పుడు పొయ్యి దగ్గర ఉన్నది జులేఖా, స్తుతి, అంతే.

* * *

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలోనే మీటింగు పెట్టాం. జనం కిక్కిరిసిపోయారు. ఎవరి మొహంలో చూసినా అనుమానమే. జులేఖాకు జరిగింది రేపు తమకూ జరుగుతుందని అందరికీ భయం. ముందు అందరూ గిడ్డయ్య మీద పడ్డారు. గిడ్డయ్య గనిలో సమ్మెట కొట్టేవాడు. బొజ్జన్నతో కలిసి టీ తాగుతాడని మా వాళ్లకు ఎప్పటి నుంచో కడుపుమంట.

"వాడు టీ తాపిస్తే తాగినా. అంతమాత్రాన అమ్ముడుపోయినట్టా?" గిడ్డయ్య ఎగిరి లేచాడు. "నేను జులేఖక్క ఇంటి గడప ఎప్పుడన్నా తొక్కినానా? తొక్కిన మనిషిని అడుగుండ్రి!"

అందరి చూపూ స్తుతి మీదికి మళ్లింది. అది గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"నేను ఎవరికీ చెప్పలేదక్కా, దేవుని తోడు. జులేఖా చాచీ పేరు గూడా రాయలేదు. 'రహీమా' అని మార్చినా."

"పేరు సరే," అన్నాను. "రహీమా కుడిచేతికి వేళ్లు ఉండాయా?"

అది జులేఖా చేతి వైపు చూసింది.

"చెప్పమ్మా. వేళ్లు ల్యావని రాసినావా?"

"రాసినా. కటింగ్ మిషన్లకు వేళ్లు పోకుండా జాలీ ల్యాదని చెప్పాలంటే అది రాయాల గదక్కా."

"మొగుడు ల్యాడనీ? గని పక్కన పాలిష్ ఫ్యాక్టరీలో పని అనీ?"

తల ఊపింది.

"పేరుకు ముసుగేసి మనిషిని నడిబజార్లో నిలబెట్టినావు గదమ్మా!" విశ్వాసమ్మ నెత్తి కొట్టుకుంది. "ఈ సుట్టుపట్ల అట్లాంటి ఆడమనిషి ఇంగెవురుండారు? సంటిపిల్లోడు గూడా చెప్తాడు."

చూశారా మిత్రులారా, చదువుకున్నవాళ్లు చేసే తప్పు. పేరు మారిస్తే మనిషి దాగిపోతాడని వాళ్ల పుస్తకాలు నేర్పుతాయి. పట్నంలో దాగుతాడేమో. మా ఊళ్లో మనిషిని పేరుతో ఎవరు గుర్తుపడతారు? దగ్గుతో, నడకతో, పోయిన వేలుతో గుర్తుపడతారు. ఆ పిల్ల పోలిక చెడగొట్టకుండా నిజాయితీగా రాసింది. ఆ నిజాయితీయే జులేఖా కడుపు కొట్టింది.

"అది ఎవురెవురు చదివినారు?" అని అడిగాను.

"మా గైడు మార్తాండరావు సారొక్కరే. కానీ ఆయన అట్లాంటోరు కాదక్కా! కూలీల హక్కుల మీద ఎన్ని వ్యాసాలు రాసినారో. సార్‌ను అనుమానించొద్దు."

"ఎందుకు అనుమానించకూడదు? నిన్నే అనుమానిస్తాంటిమి ఇంతసేపూ. ఆయనకేమన్నా కొమ్ములున్యాయా?"

గిడ్డయ్య గట్టిగా నవ్వాడు. నిందపడ్డవాడు కదా, వాడికి అందరికంటే ఎక్కువ పౌరుషం. "పరీచ్చ పెడదాం," అన్నాడు. "ల్యాని మనిషిని ఒగన్ని పుట్టిద్దాం. వాని సంగతి ఆ సారుకు తప్ప ఇంగెవురికీ పోగూడదు. బొజ్జన్న వాని కోసం ఎతికితే సారు దొంగ. ఎతక్కుంటే ఈ పిల్ల దొంగ."

జనం హో అన్నారు. తలా ఒక మాట అందుకున్నారు. లేవి శవాన్ని ట్రాక్టర్లో తీసుకుపోతుంటే చూసిన ఇంకో సాక్షి ఉన్నాడని రాయాలి. పేరు పెద్ద ఈరన్న అందాం మనలో మనం. మంత్రాలయం పక్క నుంచి వచ్చినవాడు. డబ్బులను "దుడ్లు దుడ్లు" అంటాడు. ముసలోడు. ఒకరు మీసం పెట్టారు, ఒకరు తీసేశారు. అప్పుడు ఆవరణ మీదుగా పావురాల గుంపొకటి చుట్టు తిరిగి పోయింది. గిడ్డయ్య తలెత్తి చూసి, "పావురాలు పెంచుతాడని గూడా రాయమ్మా, బాగుంటాది!" అన్నాడు. అందరూ నవ్వాం. చాలా రోజుల తర్వాత నవ్వాం. ఆ పావురాలు ఎవరివో ఆ నిమిషం ఒక్కరికీ తట్టలేదు.

స్తుతి మాత్రం నవ్వలేదు. "నేను రాయను," అంది.

"ఏం?"

"ల్యాని మనిషిని పుట్టించి రాస్తే అది పరిశోధన కాదు. మా చదువులో దానికి మించిన తప్పు ల్యా. తెలిస్తే నన్ను తీసేస్తారు. జీవితాంతం నా మాట ఎవరూ నమ్మరు."

నాకు ఒళ్లు మండింది. "లేవి తాగి సచ్చినాడని రాసినోళ్లను ఎవురు తీసేసినారమ్మా? వాళ్ల మాట లోకమంతా నమ్మె! తప్పు నీ ఒక్కదానికే గుర్తొచ్చిందా?"

"వాళ్లు అబద్ధం రాసినారని నన్నూ రాయమంటావా? అప్పుడు లేవన్న సంగతి గూడా అబద్ధమే అంటారు గదా!"

దానికీ నోరుంది, ఫర్వాలేదు. అరుచుకున్నాం. చివరికి విశ్వాసమ్మ లేచి దాని భుజం మీద చెయ్యి వేసి, "అమ్మీ, నీ మీద నాకు అనుమానం ల్యా. వీళ్లకుండాది. నీ మీద మన్ను పడకుండా రాయి. ఆ కాగితాలు ఆ సారుకు సూపించి సించేయి. అసలు పుస్తకంలో పెట్టొద్దు," అంది. స్తుతి కళ్లు తుడుచుకుని సరేనంది. ఆ వారమే యూనివర్సిటీకి పోయి ఆ పేజీలు మార్తాండరావు చేతిలో పెట్టి వచ్చింది.

* * *

ఎక్కువ రోజులు పట్టలేదు. గేటు ముందు టీ అంగడి దగ్గర బొజ్జన్న అందరినీ ఆపి అడగడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్, ఈ పక్క పావురాలు పెంచే ముసిలోడు ఎవడ్రా? లేవి గాని గురించి యాడ పడితే ఆడ కూస్తాండాడంట."

గిడ్డయ్య టీ గ్లాసు చేతిలో పట్టుకుని నావైపు చూసి కన్నుగీటాడు. నాకు లోపల పండగ. దొంగ దొరికాడు! కూలీల హక్కుల మీద వ్యాసాలు రాసే దొంగ! అంతలో బొజ్జన్న పక్కనున్న లారీ డ్రైవరు అన్నాడు, "పావురాలా? తురకల వీధిలో ఖాసిం వలి పెంచుతాడు గదన్నా."

గిడ్డయ్య గ్లాసు అక్కడే పెట్టేశాడు. చర్చి మీదుగా తిరిగిన పావురాలు ఖాసిం వలివే. ఉలులకు సాన పట్టే ముసలాయన, జులేఖాకు వరసకు అన్న. ఏ గొడవకూ పోడు. గని మొహం చూడడు. లేని మనిషిని పుట్టిస్తున్నాం అనుకున్నాం మేము. మా తలకాయల మీద ఎగురుతున్నది తెచ్చి వాడికి తగిలించాం. ఏ తప్పుకు ఆ పిల్లను తిట్టామో అదే మేమూ చేశాం.

పరిగెత్తాం. అడ్డదారిన పడి పోయినా బొజ్జన్న జీపు మాకంటే ముందే పోయింది. మేం పోయేసరికి ఖాసిం వలి మామ మిద్దె మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. దవడ వాచిపోయింది, చొక్కా చిరిగింది. చుట్టూ రెక్కలు. పావురాల మెడలు పిసికి మెట్ల మీద విసిరేసి పోయారు. ఒకటి ఇంకా కొట్టుకుంటోంది. జులేఖా దాన్ని ఒడిలో పెట్టుకుని మావైపు చూసింది.

"మీరు కట్టిన కథకు మా అన్న బలి! నేను ఆ మీటింగులో ఉండి నవ్వితినే! నా నోరు పడిపోనూ!"

వీధిలో జనం గుమిగూడారు. "మీ చర్చి కాడ మీటింగు పెట్టుకోని మావోన్ని ఇరికిస్తారా?" అని ఒకడు అరిచాడు. "కావాలనే చేసినారు" అన్నాడు ఇంకొకడు. మాలో మాకే రాళ్లు పడేటట్టు ఉంది. ఓబుళరెడ్డికి కావాల్సింది అదే. గిడ్డయ్య ముందుకు వచ్చి మోకాళ్ల మీద కూలబడి, "పావురాలని అన్నది నేనే మామా. నన్ను కొట్టు," అన్నాడు.

ఖాసిం వలి మామ వాడి వైపు చూడలేదు, మా ఎవరి వైపూ చూడలేదు. "పోండి," అన్నాడు. అంతే. చచ్చిన పావురాలను ఒక్కొక్కటే ఏరుకుని లోపలికి పోయాడు.

* * *

స్తుతికి అదే వారం డిపార్ట్‌మెంట్ నుంచి పిలుపు వచ్చింది. లేవి అధ్యాయం తీసేయమన్నాడు మార్తాండరావు. తీసేయకపోతే సంతకం పెట్టనన్నాడు.

"సార్, ఆ పేజీలు మీరు ఎవరికిచ్చారు అని అడిగినా," అని స్తుతి చెప్పింది. "ఓబుళరెడ్డి గారు డిపార్ట్‌మెంట్‌కు పెద్ద సాయం చేస్తున్నారు, ఆయన వైపు వాదన గూడా వినాల గదా అన్నాడక్కా. వాదన! పావురాల మెడలు పిసకడం వాదనంట!" ఆ రోజు ఆ పిల్ల కళ్లలో నీళ్లు లేవు. నాకు అప్పుడు నమ్మకం కుదిరింది దాని మీద. అంతకుముందు అనుమానించినందుకు నేను చింతించను. అనుమానించబట్టే దొంగ బయటపడ్డాడు.

పిహెచ్‌డి పుస్తకం ఇచ్చేముందు డిపార్ట్‌మెంట్‌లో అందరి ముందూ సెమినార్ చెప్పాలి. ఎవరైనా వచ్చి వినొచ్చు, ఎవరైనా ప్రశ్న అడగొచ్చు. రూలు అది. ఎవరైనా అంటే సార్లు, వాళ్ల శిష్యులు అని వాళ్ల లెక్క. మేము మా లెక్క వేసుకున్నాం.

సెమినార్ రోజు మేమంతా ఎక్కిన బస్సు కదలబోతుంటే ఖాసిం వలి మామ వచ్చి ఎక్కాడు. భుజం మీద తువ్వాలు, దవడ ఇంకా నల్లగా ఉంది. పోయి వెనక సీట్లో కూర్చున్నాడు. ఎందుకు వచ్చాడో అడిగే ధైర్యం మాకు లేకపోయింది. మా మీద కోపంతో వచ్చాడేమో, అక్కడ అందరి ముందూ మా గుట్టు విప్పుతాడేమో అని నాకు దారి పొడుగునా పీకుతూనే ఉంది.

సెమినార్ హాల్లోకి పోగానే జులేఖా ఆగిపోయింది. కింద కొత్తగా పరిచిన బండలు తళతళలాడుతున్నాయి. "మన ఫ్యాక్టరీవే," అంది. గోడకు ఓబుళరెడ్డి పేరుతో శిలాఫలకం. ఆ సాయం ఏంటో అప్పుడు అర్థమైంది. హాస్టల్ విద్యార్థులు లేచి మాకు కుర్చీలు ఇచ్చారు. చాలనివాళ్లం కిందనే కూర్చున్నాం, మా బండల మీద మేము.

స్తుతి లేచి చదవడం మొదలుపెట్టింది. లేవి అధ్యాయం తీయలేదు. గనిలో బండ ఎట్లా విరిగిందో, శవాన్ని ఎట్లా తరలించారో చదివింది. ముగించగానే మార్తాండరావు లేచాడు. తెల్ల జుట్టు, ఖాదీ చొక్కా, మెత్తని గొంతు.

"ఈ అధ్యాయాన్ని నేను ఆమోదించలేను. దీనికి ఆధారం లేదు. 'రహీమా' ఎవరు? ఎక్కడుంది? మారుపేర్లు పెట్టి ఎవరైనా ఏదైనా రాయొచ్చు. ఇది పరిశోధన కాదు, పుకారు. ఆ మనుషులు నిజంగా ఉంటే పిలువు, చూద్దాం."

భయపడి ఎవరూ రారని ఆయన ధీమా. జులేఖా లేచింది. మొండిచెయ్యి పైకెత్తింది.

"పిలిచే పని ల్యా సార్. వచ్చినాం. ఆ రహీమా నేనే. నా పేరు జులేఖా బీ. లేవి మీద రాయి పడింది నేను చూసినా. ఆ పుస్తకంలో రహీమా కొట్టేసి నా పేరే రాయమను."

హాలంతా కలకలం. నేను లేచాను. "సార్, నాదొక ప్రశ్న. పావురాలు పెంచే ముసలాయన సంగతి ఈ పిల్ల మీ ఒక్కరికే ఇచ్చింది. మేస్త్రీ బొజ్జన్నకు ఎట్లా తెలిసింది? అట్లాంటి మనిషే ల్యాడు సార్. మేము పుట్టిచ్చినాం, మిమ్మల్ని పట్టుకోవాలని!"

విద్యార్థులు చప్పట్లు కొట్టారు. మార్తాండరావు మొహం పాలిపోయింది. కానీ గట్టి పిండం. గొంతు పెంచాడు.

"విన్నారా? వీళ్లే ఒప్పుకుంటున్నారు! ఈ అమ్మాయి లేని సాక్షిని సృష్టించి నాకు ఇచ్చింది. ఒకటి కల్పితమైతే అన్నీ కల్పితాలే. రేపే నీ రిజిస్ట్రేషన్ రద్దు చేయిస్తాను. ఇక లేవి అనేవాడి కథ కూడా కట్టుకథే."

చప్పట్లు ఆగిపోయాయి. ముందు వరసలో ఒక విద్యార్థి, "అక్కా, నిజంగా కల్పించి రాశారా?" అని స్తుతిని అడిగాడు. అబద్ధం చెప్పడం ఆ పిల్లకు చేతకాదు, నిజం చెబితే లేవి సంగతి కూడా అబద్ధమైపోతుంది. పక్కన విశ్వాసమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంత దూరం వచ్చి మళ్లీ తాగుబోతు భార్యగానే తిరిగి పోవాలా అని ఆమె కళ్లు నన్ను అడుగుతున్నాయి.

వెనక నుంచి ఖాసిం వలి మామ లేచాడు.

"ఆ పావురాలోన్ని నేనే సార్."

మేమంతా వెనక్కి తిరిగాం. ఆయన మెల్లగా ముందుకు నడిచి వచ్చాడు.

"ఈ పిల్లకు నేను ఒగ మాట గూడా చెప్పలా. ఆమె రాసింది కట్టిందే. కానీ జరిగింది. మా మిద్దె మీంచి గనిదావ కనపడతాది. ఆ పొద్దు పావురాలను ఇడుస్తాంటి. ట్రాక్టర్లో లేవి ఉండె. తల యాలాడతా ఉండె. తోలింది బొజ్జన్న. రైలు గేటు దిక్కు పోయినారు. నేను దిగొచ్చి తలుపేసుకుంటి. బయపడి ఎవురికీ చెప్పలా. నా చెల్లెలికి గూడా చెప్పలా. ఊరుకుంటే నా జోలికి రారు అనుకుంటి. చెప్పకుండానే కొట్టినారు. మూగజీవాల గొంతులు పిసికినారు. ఇంగ చెప్పకుండా ఎందుకుండాల? రాసుకో తల్లీ. నా పేరు ఖాసిం వలి. పావురాలని గూడా రాయి. మార్చొద్దు."

జులేఖా అన్న చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. గిడ్డయ్య లేచి నిలబడ్డాడు. "నా పేరు గిడ్డయ్య. పగులు బండ కింద నన్నూ నిలబెట్టినారు. నాదీ రాయి." ఇంకొకరు లేచారు, ఇంకొకరు. స్తుతి పెన్ను తీసింది. మారుపేర్లు కొట్టేస్తూ, ఒక్కొక్కరినీ అడిగి అసలు పేర్లు రాసింది. మార్తాండరావు సెక్యూరిటీకి ఫోన్ చేశాడు. సెక్యూరిటీ వాళ్లు వచ్చి మమ్మల్ని లేవమన్నారు. మేము లేవలేదు. విద్యార్థులు కుర్చీలు దిగి వచ్చి మా పక్కన బండల మీద కూర్చున్నారు. ఆ మధ్యాహ్నమే ఊరికి కబురు పోయింది. గనిలో దిగినవాళ్లు పైకి వచ్చేశారు. మళ్లీ దిగలేదు, ఇవాళ్టికీ దిగలేదు.

పోలీసు వ్యాను వచ్చింది. అక్రమంగా చొరబడ్డామట. మమ్మల్ని వరసలో నిలబెట్టి, ఒక కానిస్టేబులు వ్యాను తలుపు దగ్గర అట్ట పట్టుకుని పేర్లు రాసుకుంటూ ఎక్కిస్తున్నాడు. నేను, జులేఖా, గిడ్డయ్య, ఖాసిం వలి మామ ఎక్కాం. విశ్వాసమ్మ వంతు వచ్చింది.

"పేరు?"

"విశ్వాసమ్మ."

"భర్త పేరు?"

"లేవి. సచ్చిపోయినాడు."

కానిస్టేబులు రాసుకుని, "ఎక్కు" అన్నాడు. ఆమె కదల్లేదు.

"యట్లా సచ్చినాడో గూడా రాయి నాయనా."

"దాంట్లో ఆ గడి ల్యాదమ్మా. ఎక్కు."

"గడి ల్యాకుంటే పక్కన రాయి. గనిలో రాయి పడి సచ్చినాడు అని రాయి."

"ఏయ్, ఏంది ఆలస్యం?" ఎస్సై అరిచాడు. నేను వ్యాను దిగాను. నా వెనక జులేఖా దిగింది. ఖాసిం వలి మామ, గిడ్డయ్య, ఎక్కినవాళ్లమంతా దిగి ఆమె వెనక నిలబడ్డాం. "రాసిందాకా ఎక్కం" అన్నాను. హాస్టల్ మెట్ల మీద పిల్లలంతా నిలబడి చూస్తున్నారు. ఒకరిద్దరు ఫోన్లు ఎత్తారు. ఎస్సై అటు చూసి, ఇటు చూసి, "రాసి సావరా!" అని విసుక్కున్నాడు.

కానిస్టేబులు అట్ట మోకాలికి ఆనించుకుని రాశాడు. విశ్వాసమ్మకు చదువు రాదు. పోలీసు రాతను ఊరికే నమ్మే మనిషీ కాదు ఇప్పుడు. "నువ్వు సదువు" అని స్తుతిని పిలిచింది.

స్తుతి ఆ అట్ట మీదికి వంగి గట్టిగా చదివింది. "భర్త లేవి. గనిలో రాయి పడి చనిపోయినాడు."

మెట్ల మీది పిల్లలందరికీ వినపడింది. విశ్వాసమ్మ కొంగు సర్దుకుని మా అందరికంటే ముందు వ్యాను ఎక్కింది.